నియమావళి మార్పు – సభ్యుల సమ్మతి

(హబ్సిగూడయందు జరిగిన వార్షిక మహాసభలో చేయబడిన యుపన్యాసము)

   

విద్యార్థివేతనములను గూర్చియు, వసతిగృహమును గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు మాటలాడుటకు నాకంటె యోగ్యులు ఈ వేదికమీద పెక్కుమంది గలరు. నాకు నియమింపబడిన విషయము చూచుటకు నీరసమైనది. సంఘనియమావళిని ఎట్లు మార్చుకొనవలయును, ఆ మార్పునకు సభ్యుల సమ్మతిని ఏ విధమున సేకరింపవలయును అనునదియే ఆ విషయము. చందాలకును దానములకును చప్పట్లు మ్రోగును గాని నియమావళికి మ్రోగవు. అయినను వసతిగృహమునకు పునాది యెట్టిదో సంఘమునకు నియమావళి యట్టిది. గోడ బీటవారిన తరువాతనే పునాదిని గూర్చి విచారించుట మనలో ననేకులకు అలవాటు. ఆ స్థితి రాకముందే కొన్ని మాటలు మనవి చేసికొందును.

ఈ ప్రశ్న నేడేల పుట్టినది? సంఘములు స్థాపింపబడిన కాలమున సభ్యులు ఒకరినొకరు ఎరిగినవారు. మహాజనసభకు వచ్చినవారు చేతులెత్తిన చాలును, తీర్మానము నెగ్గెడిది. నేడో, మనవారు ఈ హబ్సిగూడయందును, తార్నాకయందును, నాచారము ఉప్పలులయందును నివసించుచుండగా వారి బిడ్డలు బెంగుళూరునందు కొందరు, అమెరికా ఆస్ట్రేలియా ఖండములయందు కొందరు ఉన్నారు. ఉప్పలు దారిలోని ఈ గూడెమే చూచుచుండగా మారిపోయినది. పరిశోధనాలయములు వెలసినవి, 2017వ సంవత్సరము నవంబరులో మెట్రోరైలు వచ్చినది, ఇంటిమీద ఇల్లు లేచినది. సభ్యులు పెరిగిరి గాని సభకు వచ్చువారు పెరుగలేదు. అందుచేత "చేతిలోని ఫోనుతోనే ఓటు వేయించి నియమములు మార్చుకొనరాదా?" యని యువకులు అడుగుచున్నారు. "కన్నులయెదుట కనబడనివాని ఓటు ఓటు కాదు" అని పెద్దలు సెలవిచ్చుచున్నారు. ఉభయుల మాటలయందును కొంత సత్యము గలదు. దేశదేశముల అనుభవమును పరిశీలించినగాని ఆ సత్యము ఎంతయో తేలదు.

మొదట మన పూర్వుల సంగతి. తొండమండలమునందలి ఉత్తరమేరూరు గ్రామసభ శాసనములను గూర్చి మీలో పెక్కుమంది వినియుందురు. చోళరాజగు మొదటి పరాంతకుని కాలమున, గ్రామమును 30 వాడలుగా విభజించి, యోగ్యుల పేర్లను తాటాకులమీద వ్రాసి, కుండలో వేసి, తీయించి సభ్యులను నియమించుకొనెడివారు. ఆ పద్ధతిని అందరును కొనియాడుదురు. కాని దానికంటె నెక్కువగా గమనింపదగిన విశేష మొకటి గలదు. అచ్చట శాసనములు రెండు. మొదటిది 919వ సంవత్సరముది, రెండవది 921వ సంవత్సరముది. రెండేండ్లలోనే ఆ సభవారు తమ నిబంధనలను సవరించుకొనిరి. మొదటి శాసనమున అభ్యర్థి వయస్సు 30 మొదలు 60 వరకు ఉండగా, రెండవదానియందు 35 మొదలు 70 వరకు చేయబడినది. లెక్క లొప్పగింపనివారికి అర్హత లేదనియు శాసించిరి. నియమమును రాతిమీద చెక్కించిన వారికే దానిని మార్చుకొను ధైర్యముండెను! మార్చిన పిమ్మట ఆ మార్పును గూడ రాతిమీదనే చెక్కించిరి. మార్పు తప్పు గాదు. మార్పును దాచుట తప్పు.

ఇక చట్టముల మాట. 1860వ సంవత్సరపు సంఘముల రిజిస్ట్రేషను చట్టము ఆంధ్రప్రాంతమున చిరకాలము అమలులో నుండినది. తెలంగాణమున 1350 ఫసలీ నాటి చట్టము వేరుగా నుండెను. ఈ రెంటికిని బదులుగా 2001వ సంవత్సరమున క్రొత్త చట్టము వచ్చినది. ఆ 1860 నాటి చట్టము 12వ ప్రకరణమున సంఘోద్దేశములను మార్చుటకు విధింపబడిన క్రమము మిక్కిలి ఆలోచనతో కూడినది. ప్రతిపాదనను వ్రాతమూలముగా గాని అచ్చువేయించి గాని సభ్యులకు పంపవలెను. సభకు 10 దినములు ముందుగా తెలియజేయవలెను. అయిదింట మూడువంతుల ఓట్లు రావలెను. అంతటితో ముగియలేదు. ఒక నెల గడచిన తరువాత రెండవ ప్రత్యేకసభ కూడి, మరల అయిదింట మూడువంతులవారు దానిని స్థిరపరుపవలెను. ఆవేశమునకు ఒక్కదిన మాయువు చాలును. ఆలోచన నెలదినములు నిలుచును. ఈ నెల యెడమును విధించినవారు మనుష్యస్వభావము నెరిగినవారని నా యభిప్రాయము.

నైజాము రాష్ట్రములోని ఆంధ్రమహాసభ చరిత్ర మనకు మరియొక పాఠము చెప్పుచున్నది. 1930వ సంవత్సరమున జోగిపేటయందు సురవరము ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతన మొదటి మహాసభ జరిగెను. 1944వ సంవత్సరమున భువనగిరియందు రావి నారాయణరెడ్డిగారి యధ్యక్షతన పదునొకండవ మహాసభ జరిగెను. ఆ సమయముననే సభ్యత్వపు రుసుము తగ్గింపబడినది, మహాసభలో చీలికయు ఏర్పడినది. మరుసటి యేట ఒక పక్షమువారు ఖమ్మమునందును, వేరొక పక్షమువారు మడికొండయందును వేరువేరుగా సభలు జరుపుకొనిరి. చీలికకు రాజకీయకారణములు పెక్కులు గలవు; వాని మంచిచెడ్డలను ఇచ్చట విచారింపబోను. రుసుమును గూర్చిన నియమ మొక్కదానినే చూడుడు. రుసుము చెల్లింపలేని రైతుకూలీకి సభ్యత్వము లేదు. సభ్యత్వము లేనివానికి రుసుము తగ్గింపుమని ఓటు వేయు హక్కును లేదు. వాకిటి బయట నున్నవాడు తలుపు తీయవలెనా వద్దా యను విషయమున ఓటు వేయజాలడు గదా! లోపలివారే తీయవలెను. ఈ చిక్కును గూర్చి మరల ముచ్చటించెదను.

ఇక మన కాలపు అంతర్జాల సంఘములను పరికింతము. ఇవి కోట్లకొలది జనముతో కూడినవి. సభ్యులు ఒకరి ముఖ మొకరు చూడనివారు. కావున దూరముననుండి ఓటు వేయుటలోని గుణదోషములు వీనియందు స్పష్టముగా తెలియును.

2009వ సంవత్సరమున ఫేస్‌బుక్కు సంస్థ తన నిబంధనలను మార్చగా సభ్యులు అలజడి చేసిరి. అంతట ఆ సంస్థవారు క్రొత్త నిబంధనలను సభ్యుల యోటునకు పెట్టిరి. ఓట్లు సుమారు 6 లక్షల 65 వేలు వచ్చెను. అందు దాదాపు నూటికి 74 వంతులు క్రొత్తవానికి అనుకూలము. అప్పటి సభ్యుల సంఖ్య యెంత? 20 కోట్లు. అనగా వెయ్యిమందిలో ముగ్గురు నలుగురు మాత్రమే ఓటు వేసిరి. ఏడువేలమందికి మించి వ్యాఖ్యలు వ్రాసినచో ఓటు జరుగుననియు, వాడుకలో నున్న సభ్యులలో నూటికి 30 మందికి మించి పాల్గొన్నచో ఆ ఫలితము సంస్థను బంధించుననియు వారు నియమము చేసికొనిరి. 2012 డిసెంబరులో మరల ఓటు జరిగెను. ఆ మారు ప్రతిపాదనలలో నొకటి యేమనగా, ఈ ఓటుపద్ధతినే తీసివేయుట! సుమారు 6 లక్షల 68 వేలమంది ఓటు వేసిరి. నూటికి 88 మంది మార్పును వ్యతిరేకించిరి. కాని సభ్యుల సంఖ్య 100 కోట్లు దాటియుండుటచే సంస్థను బంధించుటకు సుమారు 30 కోట్ల ఓట్లు కావలసియుండెను. వచ్చినవి సముద్రములో కాకిరెట్ట. వ్యతిరేకించినవారు నూటికి 88 మందియైనను మార్పు అమలయ్యెను, ఓటుహక్కు అంతరించెను.

అందనంత యెత్తున కట్టిన యుట్టి వంటిది అందని కోరము. హక్కు కాగితముమీద నుండును, చేతికి రాదు. పైగా "మిమ్ము నడిగితిమి గదా, మీరే రాలేదు" అని అధికారులు చెప్పుకొనుటకు అది సాకుగా నుపయోగపడును. మన సంఘములలోను సభ్యులలో సగముమంది స్వయముగా రావలెనని నియమము వ్రాసికొని, ఒక్క యేడైనను సగము రాక, గంటసేపు వాయిదావేసి, వచ్చిన పదిమందితోనే సర్వమును జరిపించుకొను ఆచారము లేదా? ఈ రెండును ఒకే వ్యాధికి రెండు రూపములు.

దీనికి భిన్నమైన యుదాహరణము వికీపీడియా. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో ప్రారంభమైనది. అందు చర్చలు జరుగు తావునకు మనవారు పెట్టుకొన్న పేరు "రచ్చబండ". ఎంత సొంపైన పేరు! అన్ని భాషల వికీపీడియాలకును ఉమ్మడియైన యొక ముఖ్యనియమము 2009వ సంవత్సరమున మార్పునకు వచ్చెను. వ్యాసములను ఇతరులు ఏ షరతులమీద వాడుకొనవచ్చుననునది ఆ విషయము. పాత షరతులు ముద్రిత గ్రంథముల నుద్దేశించినవగుటచే చిన్న వ్యాసమును తిరిగి ప్రకటింపవలెనన్నను చిక్కుగా నుండెను. ఏప్రిలు 12 మొదలు మే 3 వరకు ఓటు జరిగెను. అంతకుముందు కనీసము 25 మార్పులు చేసినవారికే ఓటు. అనగా పని చేసినవానికే మాట. ఓట్ల వ్యవహారమును తాము నడుపక బయటి సంస్థకు అప్పగించిరి. వచ్చిన ఓట్లు 17,462. అనుకూలము నూటికి 75.8, ప్రతికూలము 10.5, అభిప్రాయము లేదని తెలిపినవారు 13.7. "నాకు అభిప్రాయము లేదు" అని చెప్పుటకు గూడ తావిచ్చుట గమనింపుడు. మౌనమును అంగీకారముగా లెక్కగట్టలేదు. ఆ మార్పు కలహము లేక అమలయ్యెను.

మూడవ యుదాహరణము డెబియన్ అను సంఘము. కంప్యూటర్లను నడుపు సాధనసామగ్రిని ఉచితముగా నిర్మించి లోకమునకు పంచిపెట్టు స్వచ్ఛందసేవకుల కూటమి యిది. వీరికి వ్రాతపూర్వకమైన రాజ్యాంగము గలదు. మూలపత్రములను మార్చుటకు ప్రతికూలురకు మూడింతలు అనుకూలు రుండవలెను. కోరమునకు వీరు అవలంబించిన లెక్క చమత్కారమైనది. సభ్యసంఖ్యయొక్క వర్గమూలమునకు ఒకటిన్నర రెట్లు చాలును. వేయిమంది సభ్యులున్నచో 48 మంది యన్నమాట. సంఘము పెరిగినకొలది కోరమును పెరుగును గాని అందరానంత పెరుగదు. ఆ కాలపు ఓటుపత్రమున "మరింత చర్చ జరుగవలెను" అను పంక్తి గూడ నుండెడిది.

ఇంత జాగ్రత్త గలవారును ఒకమారు చిక్కుకొనిరి. 2004వ సంవత్సరమున తమ మూలపత్రమునకు కొన్ని సవరణలు ప్రతిపాదించి వానికి "సంపాదకీయ సవరణలు" అని పేరు పెట్టిరి. అక్షరదోషముల వంటి చిన్న దిద్దుబాటులని పలువురు భావించి యుందురు. సవరణ నెగ్గెను. నెగ్గిన పిమ్మట చూడగా, విడుదలకు సిద్ధమగుచున్న తమ క్రొత్త కూర్పునందలి కొన్ని భాగములు ఆ మారిన మాటల ప్రకారము చేర్చుటకు వీలులేనివని తేలెను! పని నిలిచిపోవునంత పనియయ్యెను. కొలది నెలలలో మరల ఓటు పెట్టి, ఆ మార్పుయొక్క అమలును కూర్పు విడుదలయగువరకు వాయిదా వేసికొనిరి. 2005 జూనులో ఆ కూర్పు వెలువడెను. శీర్షిక చిన్నదని సవరణ చిన్నది కాదు. మన కార్యవర్గములవారు "కొన్ని లాంఛనప్రాయమైన సవరణలు" అని అజెండాయందు వ్రాసినపుడు, సభ్యులారా, కన్నద్దములు పెట్టుకొని చదువుడు!

ఆ సంఘమువారే 2022వ సంవత్సరమున మరియొక మార్పు చేసికొనిరి. అంతకుపూర్వము నియమములను గూర్చిన ఓట్లలో ఎవరు ఎట్లు వేసినదియు తరువాత ప్రకటించెడివారు. ఆ యేట రహస్యపు ఓటును స్వీకరించిరి. ఇది మనకు మరింత ముఖ్యము. మన హబ్సిగూడలోని బహుళాంతస్తుల భవనములలో నీటి రుసుముమీదను, వాహనములు నిలుపు తావుమీదను వాట్సాప్ గుంపులలో ఓట్లు జరుగుచున్నవి. ఎవరు దేనికి ఓటు వేసినదియు అందరికిని కనబడును. నీటి రుసుమునకు అది సరిపోవచ్చును. కాని కులసంఘమున ఓటు వేయువాడు మేనమామ కెదురుగా వేయవలసివచ్చును; కుమార్తెకు సంబంధము చూచిపెట్టిన పెద్దమనిషి కెదురుగా వేయవలసివచ్చును; కుమారునకు విద్యార్థివేతన మిప్పించిన పోషకుని కెదురుగా వేయవలసివచ్చును. పేరు కనబడు ఓటునందు బుద్ధి యొకటి చెప్పగా వ్రేలు మరియొకటి నొక్కును. అది సమ్మతి గాదు, మొగమాటము.

ఇప్పుడు తలుపు బయటనున్నవారి మాటకు వత్తును. స్విట్జర్లాండు దేశమున రాజ్యాంగమును మార్చుటకు ప్రజల యధిక్యమును, ఖండరాష్ట్రముల యధిక్యమును గూడ కావలెను. ప్రజల యోటునకు ఆ దేశము పెట్టినది పేరు. అట్టి దేశమునందే 1959వ సంవత్సరము ఫిబ్రవరిలో స్త్రీలకు ఓటుహక్కు నీయవచ్చునా యని పురుషుల నడుగగా, దాదాపు మూడింట రెండువంతులవారు వలదనిరి. 1971 ఫిబ్రవరిలో మరల అడుగగా దాదాపు మూడింట రెండువంతులవారు ఇయ్యవచ్చుననిరి. నడుమ 12 ఏండ్లు. ఆ పండ్రెండేండ్లు ఒక తరము స్త్రీలు తమ విషయమున తమ మాట చెల్లక వాకిట నిలిచియుండిరి. అధికసంఖ్యాకుల ఓటు ఎంత శుద్ధముగా జరిగినను, ఓటర్లజాబితాయే లోపభూయిష్ఠమైనచో ఫలితము న్యాయము కాజాలదు.

సోదరులారా, మన సభలలో ప్రతియేటను గుసగుసగా వినవచ్చి తీర్మానరూపము దాల్చని ప్రశ్న యొకటి గలదు. సభ్యత్వము ఇంటి యజమాని పేరనే యుండవలెనా? వయస్సు వచ్చిన ప్రతి స్త్రీకిని పురుషునకును వేరువేరుగా నుండరాదా? మన కులమునుండి వేరొక కులమునకు కోడలైపోయిన ఆడబిడ్డకు సంఘముతో సంబంధము తెగినట్లేనా? మన బాలికలు ఉద్యోగములు చేసి చందాలు పంపుచున్నారు. రసీదుమీద తండ్రిపేరో భర్తపేరో పడుచున్నది. డబ్బు తీసికొనుటకు వెనుదీయని చేయి ఓటుపత్ర మిచ్చుటకు వెనుదీయుట ధర్మమేనా? వయస్సు వచ్చిన ప్రతివ్యక్తికిని సభ్యత్వ ముండవలెనని నా దృఢాభిప్రాయము. కాని దీనిని ఈ దినముననే చప్పట్లతో నెగ్గింపుమని నేను కోరను. అట్లు నెగ్గినది మరుసటి యేట మరికొన్ని చప్పట్లతో ఓడిపోవును. క్రమము తప్పక నెగ్గినదే నిలుచును.

ఆ క్రమము ఎట్లుండవలయునో సంగ్రహముగా మనవి చేసెదను.

మొదటిది: ఓటునకు మూడునెలలు ముందుగా సభ్యుల జాబితాను ప్రకటించి ఆక్షేపణలను విచారింపవలయును. గడువు దాటిన పిమ్మట పేర్లు చేర్చరాదు. ఓటుకొరకు చేరినవాడు ఓటు కాగానే పోవును.

రెండవది: పాత నియమమును క్రొత్త నియమమును ప్రక్కప్రక్కన అచ్చువేయించి, మార్పువలన ఎవరికేమి కలుగునో సులభమైన తెలుగున వ్రాసి ఇంటింటికి పంపవలయును. అనుకూలుర వాదమును ప్రతికూలుర వాదమును సమానస్థలమున ప్రకటింపవలయును. ఒక్కొక్క మార్పునకు ఒక్కొక్క ఓటు. పది సవరణలను ఒక మూటగట్టి ఒకే ఓటడుగరాదు. తీపిలో చేదు గలిపి మ్రింగించుట వైద్యునకు తగును గాని కార్యదర్శికి తగదు.

మూడవది: ఫోనుద్వారమున ఓటు ఉండవచ్చును. కాని ఫోను లేని వృద్ధులకు కాగితపు ఓటు తప్పక యుండవలయును. మనుమడు తాతగారి ఫోనుమీద వేసిన ఓటు మనుమని ఓటేగాని తాతగారిది కాదు. ఓటు రహస్యముగా నుండవలయును. లెక్కించువారు కార్యవర్గమునకు చెందనివారై యుండవలయును.

నాలుగవది: కోరము అందుబాటులో నుండవలయును, ఆధిక్యము గట్టిగా నుండవలయును. పాల్గొన్నవారిలో అయిదింట మూడువంతులు రావలెననియు, నెల గడచిన పిదప మహాజనసభ దానిని మరల స్థిరపరుపవలెననియు పూర్వులు పెట్టిన మర్యాద మనకును చాలును. దూరముననున్నవాని ఓటును, సభకు వచ్చినవాని మాటయు రెండును ఈ పద్ధతియందు కలిసివచ్చును.

అయిదవది: ఎవరి సభ్యత్వమును గూర్చి ఓటు జరుగుచున్నదో వారు సభ్యులు కాకపోయినను వారి యభిప్రాయమును వేరుగా సేకరించి, ఫలితమును ఓటునకు ముందే ప్రకటింపవలయును. లోపలివారు తలుపు తీయకపోవచ్చును. కాని వెలుపలి పిలుపు వినబడలేదని మాత్రము చెప్పుటకు వీలుండరాదు.

ఆరవది: ఓటుహక్కునే తగ్గించు సవరణకు మిగిలినవానికంటె కఠినమైన నియమ ముండవలయును. ఈ విషయమున పైని చెప్పిన వందకోట్ల సభ్యుల కథ చాలును.

కొందరు పెద్దలు "ఇన్ని కట్టుబాట్లయిన పనులు సాగునా?" యని యడుగుదురు. వసతిగృహపు తలుపునకు తాళము వేయుదుము. అందువలన విద్యార్థులు లోపలికి పోవుట మానలేదు. మరికొందరు యువకులు "ఇంత ఆలస్యమేల?" యని యడుగుదురు. స్విస్ స్త్రీలు పండ్రెండేండ్లు నిరీక్షించిరి. నేనడుగునది నాలుగు నెలలు. అయితే ఆ నాలుగు నెలలు నేటినుండియే లెక్కింపబడవలెను, వచ్చు మహాసభనుండి కాదు. సభ్యుల జాబితాను సరిచేయుటకు ఈ మహాసభ ముగియకముందే యొక ఉపసంఘమును నియమింపవలెననియు, అందు సగముమంది స్త్రీలుండవలెననియు అధ్యక్షులవారిని సవినయముగా ప్రార్థించుచున్నాను.

సంఘము ధనవంతమగుట పోషకుల యౌదార్యమువలన. విద్యావంతమగుట బాలబాలికల శ్రమవలన. ఏకమై నిలుచుటకు మాత్రము ఓడిపోయినవాడు గూడ "ఓటు న్యాయముగా జరిగినది" అని చెప్పగలుగవలెను. ఆ మాట వినబడిన సంఘమునకు చీలిక లేదు.